అత్తయ్య సగం పనులు

మా అత్తయ్య ఏ పనీ పూర్తి చేయదు. కోపంతో అంటున్న మాట కాదిది, ఆవిడే గొప్పగా చెప్పుకునే మాట. ఉద్యోగమంతా పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే గదిలోనే గడిపింది. అక్కడ పని అయిపోవడం అంటూ ఉండదట. ఒక సంచీ ఖాళీ అయ్యేలోపు ఇంకో సంచీ వచ్చి పడుతుంది. అలవాటైన ప్రాణం కాబట్టి రిటైరయ్యాక కూడా ఇంట్లో ఏదో ఒకటి సగంలో ఉండాలి, లేకపోతే ఆవిడకు కాలు నిలవదు.

ఆవిడ కొడుకు ఇల్లు వదిలి వెళ్లిన వారం నుంచే ఈ పనులు మొదలయ్యాయి. ఆవిడ కొడుకంటే నా భర్తే. విడాకుల కాగితాల మీద సంతకాలు అయ్యాక నేను ఆ మాట వాడటం మానేశాను. ఎవరైనా అడిగితే 'మా అత్తయ్యగారి అబ్బాయి' అంటాను. వినేవాళ్లు ఒక్క క్షణం ఆగి, లోపల్లోపల లెక్క కట్టుకుని, మాట మార్చేస్తారు. నాకు కావలసిందీ అదే.

అతను తన ఆఫీసులోనే పనిచేసే ఇంకొకావిడతో వెళ్లాడు. అప్పుడు వాళ్లకు దొరికింది ఒకే గది. మరి తల్లిని ఎక్కడ పెట్టుకుంటాడు? "కొన్నాళ్లు అమ్మ ఇక్కడే ఉంటుంది, నీకేం ఇబ్బంది లేదుగా?" అన్నాడు, వాన వస్తోంది సైకిలు మీ వరండాలో పెట్టుకోవచ్చా అని అడిగినట్టు. సరేనన్నాను. ఆ రోజుల్లో నన్ను ఎవరేమడిగినా సరేననేదాన్ని. వంటింటి గోడ పడగొట్టుకుంటాం అన్నా సరేననేదాన్నే.

బాధగా లేదా అని అడిగారు చాలామంది. ఉందని చెబితే వాళ్లకు తృప్తిగా ఉండేది. నిజం చెప్పాలంటే నాకు చీమ కుట్టినట్టయినా లేదు. పళ్ల డాక్టరు సూది వేశాక పెదవి మనది కానట్టు ఉంటుంది చూడండి, మనిషి మొత్తం అలా ఉన్నాను. తిన్నాను, నిద్రపోయాను, బస్సెక్కి షాపుకు వెళ్లాను. ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు.

నేను పనిచేసేది కళ్లద్దాల షాపులో. వచ్చినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద ఇనుప ఫ్రేము పెట్టి, దాంట్లో అద్దాలు మారుస్తూ గోడ మీది అక్షరాలు చదివిస్తాను. "ఇది బాగుందా, అది బాగుందా?" అని పొద్దుటినుంచి సాయంత్రం దాకా అడగడమే నా పని. సగంమంది "రెండూ ఒకటేనండీ" అంటారు. ఇదివరకు ఆ మాటకు ఒళ్లు మండేది. ఇప్పుడు మాత్రం వాళ్లు చెప్పింది నిజమేననిపించేది. రెండూ ఒకటే. ఏదైనా ఒకటే.

అలాంటి మనిషిని ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి హాల్లో కుట్టుమిషను కనిపించింది. ఎవరో ఇల్లు మారుతూ వదిలేసి పోతుంటే అత్తయ్య తెచ్చుకుంది. తొక్కితే పక్కింటివాళ్లు కూడా లేచి కూర్చునేంత మోత.

"మీకు కుట్టు వచ్చా అత్తయ్యా?" అన్నాను.

"రాదు. వస్తే ఇక నేర్చుకోవడం దేనికి?" అంది.

మొదట దిండ్ల మీదికి గలీబులు కుట్టింది. నాలుగు పక్కలా కుట్టేసింది. దిండు లోపలికి ఎలా వెళ్తుందన్న ఆలోచన ఆవిడకు ఆఖరి పక్క పూర్తయ్యాక వచ్చింది. అప్పుడేమీ కంగారు పడలేదు. వాటిని మడతపెట్టి కుర్చీలో పడేసి, కిటికీకి పరదా మొదలుపెట్టింది. పరదా మీది పువ్వులన్నీ తలకిందులుగా వచ్చాయి. "కింద పడుకుని చూస్తే సరిగ్గానే ఉంటాయి" అంది. వేడి గిన్నెలు దించడానికి దూది పెట్టి చేతి తొడుగులు కుట్టింది, రెండూ ఎడమ చేతికే. అవీ పక్కన పడేసింది. తర్వాత ఓవెన్ మీద పడింది.

బేకింగ్ సంగతి ఏం చెప్పను! పోస్టాఫీసులో సంచీల మూతి విప్పి చూసి, విప్పి చూసి అలవాటైన చెయ్యి. కేకు లోపల పొంగుతోందో లేదో అని ఓవెన్ తలుపు తీసి చూస్తూనే ఉండేది. చల్లగాలి తగిలి కేకు నడుమ కుంగిపోయి గుంట పడేది. ఆ గుంటలో జామ్ పోసేసి, "ఇది ఇలాగే చేస్తారు" అని నా ముందు పెట్టేది. బ్రెడ్డు చేసిన రోజు పిండి పొంగడానికి వేసే ఈస్టును సలసలా మరిగే నీళ్లలో కలిపింది. పిండి ఉలుకూ పలుకూ లేకుండా గిన్నెలో అలాగే కూర్చుంది. పారేయడానికి మనసొప్పక దాన్నే కాల్చింది. పై అంతస్తులో ఉండే బస్సు డ్రైవరుకు ఇచ్చి వచ్చింది. ఆయన మర్నాడు మెట్ల మీద కనిపించి, "చాలా బలంగా ఉందండీ" అన్నాడు. ఆయన మర్యాద తెలిసిన మనిషి.

నేను ఏమీ అనేదాన్ని కాదు. పెట్టింది తినేదాన్ని. పట్టుకోమన్నది పట్టుకునేదాన్ని. "దారం ఎక్కించు" అంటే ఎక్కించేదాన్ని. ఒక రోజు ఆవిడ నా చేతికి పిండి ముద్ద ఇచ్చి, "దీన్ని బాగా కొట్టు, ఎవర్ని తలుచుకుంటావో నీ ఇష్టం" అంది. కొట్టాను. ఎవరూ గుర్తు రాలేదు. పిండిని పిండిలాగే కొట్టి పక్కన పెట్టాను. అత్తయ్య నా మొహంలోకి చూసి, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత మొదలైంది బొంత.

పరదాల షాపువాళ్లు పాత నమూనాల పుస్తకాలు బయట పడేస్తారు. అరచేతి వెడల్పు ముక్కలు, వెనక నంబరు అంటించి ఉంటుంది. అత్తయ్య రెండు సంచీల నిండా మోసుకొచ్చింది. అవి నాకు నచ్చాయి. ఎవరూ తొడుక్కోని గుడ్డ, ఎవరి జ్ఞాపకాలూ లేని గుడ్డ. చెప్పుల డబ్బాలు వరసగా పేర్చి, అత్తయ్య కుర్చీలో కూర్చుని ముక్కల్ని రంగుల వారీగా ఒక్కో డబ్బాలోకి విసిరేది. చూడకుండా విసిరినా గురి తప్పేది కాదు. ఆ విద్య ఆవిడకు కొట్టినపిండి. నేను పక్కన కూర్చుని నంబర్లు పీకేదాన్ని. గోరుతో అంచు లేపి, చిరగకుండా నెమ్మదిగా లాగాలి. అంతకంటే బుర్ర పెట్టే పని నాకు అప్పట్లో చేతకాదు, అది ఆవిడకు తెలుసనుకుంటాను.

ముక్కలు అతికి పైపొర తయారయ్యేసరికి చలికాలం సగం గడిచింది. కింద ఒక దుప్పటి, నడుమ పాత కంబళి, పైన ఈ ముక్కల పొర. మూడూ జరిగిపోకుండా ముందు పొడుగు పొడుగు టాకాలు వేసుకోవాలి. తర్వాత చిన్న చిన్న కుట్లతో మూడింటినీ కలిపి కుట్టుకుంటూ పోవాలి. సూది అవతలికి దిగిందో లేదో తెలియడానికి ఎడమచెయ్యి ఎప్పుడూ కిందే ఉండాలి. మొన వేలికి తగలగానే సూదిని పైకి తిప్పాలి. వేళ్లు తూట్లు పడతాయి. అత్తయ్యవి చిన్నచిన్న కుట్లు, దగ్గర దగ్గరగా ఉంటాయి. నావి పొడుగ్గా, తూలుతున్నవాడి నడకలా ఉంటాయి. బొంత మీద ఎక్కడ చూసినా ఎవరి కుట్టో ఇట్టే తెలిసిపోతుంది.

ఇద్దరం చెరో వైపు కూర్చుని సాయంత్రాలు కుట్టేవాళ్లం. పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. అతని పేరు అసలు వచ్చేది కాదు. నాకు సుఖంగా ఉందని చెప్పను, సుఖం అనేది అప్పుడు నాకు తెలిసే అవకాశం లేదు. కానీ షాపులో పని అయిపోయే వేళకు బస్సు ఆలస్యమైతే విసుగొచ్చేది. ఇంటికి వెళ్లడానికి తొందరపడుతున్నానని అప్పుడు గ్రహించలేదు.

అలా ఉండగా ఒక సాయంత్రం ఫోన్ మోగింది. అత్తయ్య సూది ముక్కలో గుచ్చి, లోపలి గదిలోకి వెళ్లి మాట్లాడి వచ్చింది. మళ్లీ కూర్చుని సూది తీసుకుని, నా వైపు చూడకుండా చెప్పింది.

"వాళ్లకు పెద్ద ఇల్లు దొరికిందట. నాకో గది వేరే ఉందట. వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళ్తానంటున్నాడు."

నేను కుడుతూనే ఉన్నాను.

"ఏమంటావ్ అమ్మాయ్?" అంది.

"మీ ఇష్టం అత్తయ్యా" అన్నాను.

ఇంట్లో పెద్దవాళ్లు అడిగితే కోడలు చెప్పే జవాబు అదే కదా. పెళ్లయిన కొత్తల్లో ఆ మాట రోజుకు ఎన్నిసార్లు అనుంటానో. కూర ఏం చేయమంటావంటే మీ ఇష్టం, ఎక్కడికి వెళ్దామంటే మీ ఇష్టం. అది మర్యాద. అంతకంటే ఇంకేమనాలి? ఉండిపొమ్మనడానికి నేనెవరిని? ఆవిడ కన్నకొడుకు రమ్మంటున్నాడు. నాదేమో సంతకం పెట్టి తెంచుకున్న సంబంధం. పోస్టాఫీసు భాషలో చెప్పాలంటే ఆవిడ తప్పు చిరునామాకు వచ్చి పడిన ఉత్తరం, ఎప్పటికైనా అసలు చోటికి పంపాల్సిందే. ఇదంతా ఆ క్షణంలో ఆలోచించానని కాదు. ఏమీ ఆలోచించలేదు. నోటికి అలవాటైన మాట వచ్చింది, అంతే.

"నువ్వేమంటావని అడిగా" అంది అత్తయ్య మళ్లీ.

"మీకెలా బాగుంటే అలాగే. నాదేముంది" అన్నాను.

"సరే" అంది ఆవిడ. కాసేపు కుట్టి, దారం కొరికి, పడుకోవడానికి వెళ్లిపోయింది.

మర్నాడు సాయంత్రం నేను వచ్చేసరికి సోఫా మీద దిండ్లు కొత్త గలీబుల్లో ఉన్నాయి. ఒక పక్క విప్పి, గుండీలు పెట్టి, కాజాలు కుట్టి, దిండ్లు తొడిగింది. బాగున్నాయన్నాను. ఆ మర్నాడు కిటికీ పరదా మీద పువ్వులు నిటారుగా నిలబడ్డాయి. ఆ మర్నాడు చేతి తొడుగుల్లో ఒకటి కుడిచేతికి మారింది. వంటింట్లో బ్రెడ్డు ఉంది, బంగారు రంగులో పొంగి, వేలితో తడితే టక్‌మని బోలుగా మోగేలా. నోట్లో పెట్టుకుంటే దూదిలా కరిగింది.

"ఈస్టు గోరువెచ్చటి నీళ్లలో వేయాలట. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పి చావలేదు" అంది.

నేను ఆ ముక్క చేతిలో పట్టుకుని ఇల్లంతా చూశాను. కుర్చీలో మడతలు లేవు. బల్ల మీద కత్తిరింపులు లేవు. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. చెప్పుల డబ్బాలు ఖాళీ చేసి బయట పెట్టేసింది. ఇంట్లో సగంలో ఉన్నది బొంత ఒక్కటే, అదీ ఒక మూల మాత్రమే మిగిలింది.

రిటైరయిన రోజు ఆవిడ తన బల్ల సొరుగులు ఎలా ఖాళీ చేసిందో నాకు గతంలో చెప్పింది. పెన్సిలు ముక్క కూడా మిగల్చలేదట. తర్వాత వచ్చేవాళ్లు తన పేరు చెప్పుకుని తిట్టుకోకూడదట. అది గుర్తొచ్చి నోట్లో బ్రెడ్డు పిడచకట్టుకుపోయింది. ఏదో జరిగింది నాలో. చేతిలోని ముక్క పళ్లెంలో పెట్టేశాను. జబ్బు చేసిందేమోననుకున్నాను. చాలాసేపటికి గానీ అది భయమని తెలియలేదు. అంతకాలంగా ఏదీ లేని చోట మొదట వచ్చింది భయం.

మర్నాడు షాపులో ఒక పెద్దమనిషి కుర్చీలో కూర్చున్నాడు. అద్దం మార్చి, "ఇది బాగుందా, అది బాగుందా?" అన్నాను.

"రెండూ ఒకటే" అన్నాడు.

"రెండూ ఒకటే ఎలా అవుతాయండీ? కాస్త శ్రద్ధ పెట్టి చూడండి. ఒకటి ఖచ్చితంగా బాగుంటుంది. ఏదో ఒకటి మీకు కావాలి కదా, చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?" అన్నాను.

నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. షాపు యజమాని ఫ్రేములు తుడుస్తున్నవాడు తలెత్తి చూశాడు. పెద్దమనిషి బిక్కమొహం వేసి, "మొదటిదే" అన్నాడు. నేను రాసుకున్నాను.

అంత జరిగినా ఇంటికెళ్లి ఏమీ అనలేదు. అనాలనుకునే వెళ్లాను. చెప్పులు విప్పేటప్పుడు కూడా అనుకున్నాను. లోపల అత్తయ్య తన బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. సూట్‌కేసు మంచం మీద తెరిచి ఉంది. "ఈ స్వెట్టర్ నీకుంచనా?" అంది. "మీ ఇష్టం" అన్నాను. ఆ మాట నాలుక చివరే కాచుకుని ఉంటుంది దరిద్రం. ఆవిడ స్వెట్టర్ సూట్‌కేసులో పెట్టేసుకుంది.

ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం వస్తానన్నాడు. పొద్దున్నే అత్తయ్య స్నానం చేసి, కొత్త గౌను వేసుకుంది. బూడిద రంగు మీద సన్నటి నీలం గీతలు, మెత్తగా, వెడల్పుగా ఉంది. సోఫాలో కూర్చుని బొంత ఒళ్లో వేసుకుంది.

"ఈ మూల అయిపోతే ఇక బాకీ ఉండదు. నా బొటనవేలు వాచింది, నువ్వు అటునుంచి కుట్టుకురా. నేను ఇటునుంచి వస్తా" అంది.

ఇన్నాళ్లూ చెరో వైపు కూర్చున్నవాళ్లం, మిగిలింది ఒక్క మూలే కాబట్టి పక్కపక్కనే కూర్చోవాల్సి వచ్చింది. నేను కుట్టాల్సిన చోటు ఆవిడ మోకాలి మీద పరిచి ఉంది. వంగి కుట్టడం మొదలుపెట్టాను. ఎడమచెయ్యి కిందికి పోనివ్వాలి. పోనిస్తే ఆవిడ ఒళ్లో చెయ్యి పెట్టినట్టవుతుంది. ఇన్నేళ్లలో నేను ఆవిడను ముట్టుకున్నది ఎప్పుడు? జ్వరం వచ్చినప్పుడు నుదురు చూశానేమో. అన్నీ మాటలతోనే, అవీ మర్యాద మాటలతో. మొహమాటం వేసి చెయ్యి పైనే ఉంచుకుని, మొన ఎటు పోతోందో అంచనాగా కుడుతూ పోయాను.

అతను చెప్పిన వేళకంటే ముందే వచ్చాడు. తలుపు తీసే ఉంది. లోపలికి వచ్చి నిలబడ్డాడు. నేను తల ఎత్తలేదు.

"బాగున్నావా?" అన్నాడు నన్ను.

"బాగున్నాను. కూర్చోండి" అన్నాను. ఇదివరకు నువ్వు అనేదాన్ని. ఆ 'అండి' ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. అతనూ గమనించాడు, ఎందుకంటే కూర్చోలేదు.

తల్లితో మాట్లాడాడు. గదికి కిటికీ ఉందట, పొద్దుటి ఎండ పడుతుందట. మంచం ఎత్తు తక్కువదే తీసుకున్నాడట, ఎక్కడానికి దిగడానికి వీలుగా. గోడలకు లేత పసుపు వేయించాడట. ఒక్కొక్కటీ చెబుతుంటే నేను ఒక్కో కుట్టు వేస్తున్నాను. కళ్లు గుడ్డ మీంచి తీస్తే ఏమవుతుందోనని భయం. లోతుగా గుచ్చాను, గట్టిగా లాగాను. చివరికి అత్తయ్య కుట్లు ఎదురొచ్చాయి. ముడి వేసి దారం తెంపాను.

"అయిపోయింది" అన్నాను.

"అయితే పద. కింద బండి ఆగి ఉంది" అన్నాడు అతను. సూట్‌కేసు ఎత్తాడు.

అత్తయ్య సోఫా చెయ్యి పట్టుకుని లేచింది. ఆవిడతో పాటు బొంత కూడా లేచింది. దులిపింది, వదల్లేదు. రెండడుగులు వేస్తే మూడు పొరలూ ఆవిడ వెంట నేల మీద ఈడ్చుకుంటూ వచ్చాయి. అతను మొదట నవ్వాడు, తర్వాత గడియారం చూసుకున్నాడు.

అత్తయ్య మళ్లీ కూర్చుని, బొంత అంచు తిరగేసి చూసింది. గౌను మోకాలి దగ్గర బొంత అడుగుకు అతుక్కుని ఉంది. పొడుగు కుట్లు, వంకర కుట్లు, అంచుదాకా ఒకే వరస.

"ఇవి నా కుట్లు కావు" అంది.

"నావే" అన్నాను.

"కావాలని కుట్టావా?"

"లేదండీ. కింద చెయ్యి పెట్టుకోలేదు. తెలియలేదు."

"కత్తిరించెయ్యమ్మా, గౌను ఇంకోటి కొంటాను. ఆలస్యమవుతోంది" అన్నాడు అతను.

"కొత్త గౌను కత్తిరించమంటావట్రా? నువ్వు విప్పు అమ్మాయ్, ఎంతసేపు" అంది ఆవిడ.

చిన్న కత్తెర తీసుకుని నేల మీద మోకాళ్లు ఆనించి కూర్చున్నాను. మొదటి కుట్టు కింద మొన దూర్చాను. ఒక్క నొక్కు నొక్కితే తెగుతుంది. ఇంటి నిండా గుండీలు పెట్టిన దిండ్లు, తిన్నగా నిలబడ్డ పువ్వులు. ఇది కూడా విప్పేస్తే ఇక చేయాల్సింది ఏమీ ఉండదు, నాకు గానీ ఆవిడకు గానీ. కత్తెర తీసి నేల మీద పెట్టాను.

"విప్పను" అన్నాను.

"ఏంటి?" అన్నాడు అతను.

అతని వైపు చూడలేదు. ఆవిడ మోకాలి మీద చెయ్యి వేశాను, గుడ్డ పైనుంచే. "ఆ రోజు మీ ఇష్టం అన్నాను అత్తయ్యా. నా ఇష్టం చెప్పలేదు. మీరు వెళ్లడం నాకు ఇష్టం లేదు. మీరు వెళ్తే నేను ఉండలేను."

కింద బండివాడు హారన్ కొట్టాడు.

"ఈ ముక్క ఆ రోజే చెప్పి ఏడిస్తే నాకు ఆ కాజాలు కుట్టే బాధ తప్పేది కదే" అంది అత్తయ్య. ఆవిడ గొంతు ఎప్పటిలాగే ఉంది, చెయ్యి మాత్రం వచ్చి నా చేతి మీద పడింది. "రెండుసార్లు అడిగాను. నాదేముంది అన్నావు. ఇంకేం, నేను బరువయ్యానేమో, చెప్పలేక చస్తోంది, అన్నీ సర్దిపెట్టి పోదామనుకున్నా."

"అమ్మా" అన్నాడు అతను. సూట్‌కేసు ఇంకా చేతిలోనే ఉంది. "గదికి రంగు కూడా వేయించాను."

అది విని నాకు అతని మీద మొదటిసారి జాలేసింది. పసుపు రంగు ఆవిడకు ఇష్టమని గుర్తుపెట్టుకుని వేయించాడు.

"చూస్తాన్రా. వచ్చి నాలుగు రోజులుంటాను. అది నీ ఇల్లు, నేనెందుకు రాను?" అంది ఆవిడ. "ఇప్పుడు మాత్రం వెళ్లు. చూస్తున్నావుగా, లేచే పరిస్థితి లేదు."

అతను ఆవిడను చూశాడు, బొంతను చూశాడు. వాదించడానికి నోరు తెరిచాడు గానీ ఎవరితో వాదించాలో తేల్చుకోలేకపోయాడు. సూట్‌కేసును గోడవారగా జాగ్రత్తగా నిలబెట్టి, "ఫోన్ చేస్తాను" అని వెళ్లాడు. మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. బండి కదిలింది. ఇద్దరం అలాగే ఉన్నాం, ఆవిడ సోఫాలో, నేను నేల మీద.

"ఇప్పుడు విప్పు" అంది అత్తయ్య. "పొద్దున స్నానం చేశాక మళ్లీ బాత్రూంకి వెళ్లలేదు."

కత్తెర తీసుకున్నాను. కుట్టు ఎక్కడుందో కనిపించలేదు. రెప్పలు తుడుచుకుని మళ్లీ చూశాను. గుడ్డంతా నీళ్లలోంచి చూసినట్టు కదులుతోంది.

"ఏమైందే?"

"కనిపించడం లేదు అత్తయ్యా. కాసేపాగండి."

"ఆగలేను" అంది ఆవిడ. కత్తెర నా చేతిలోంచి లాక్కుని, కుట్ల జోలికి పోకుండా గౌనునే చుట్టూ కరకరా కత్తిరించేసింది. కొత్త గౌనులో మోకాలి దగ్గర కంచమంత కంత పడింది. ఆ ముక్కను బొంతకే వదిలేసి, సోఫా పట్టుకుని లేచి, గబగబా నడిచివెళ్లి బాత్రూం తలుపేసుకుంది.

తలుపు గడియ పడ్డాక నేను ఏడ్చాను. బొంతలో మొహం పెట్టుకుని, వెక్కిళ్లు పెడుతూ, పై ఇంటి డ్రైవరుకు కూడా వినిపించేలా ఏడ్చాను. నేను ఏడుపు ఆపేదాకా లోపల కుళాయి తిప్పే ఉంది.